నిన్నటి అలసందలు

కృత్తిక కార్తె, రెండో రోజు

నేల కింద తొలిచిన ఈ నల్లగవిలో గాలి పంఖాలు చూసుకునేదాన్ని నేను. పేరు సుంకులమ్మ. ఏ పంఖా ఎట్లా తిరుగుతోంది, ఏ గొట్టంలో దుమ్ము చేరింది, ఇవే ఈ పుస్తకంలో రాయాలి. ఈరోజు మూడో పంఖా బేరింగ్ అరిచింది. నూనె వేశాను. వంటశాల గొట్టం జాలీ తీసి కడిగాను. పైన ఎండ నిప్పులు కక్కుతోంది. గాలిని ఊటనీళ్ళ మీదుగా తిప్పి పంపినా ఒంటికి వెచ్చగానే తగులుతోంది.

పని సంగతి అయిపోయింది. ఇంకో సంగతి కూడా రాస్తాను. చెప్పుకోవడానికి మనిషి లేక రాస్తున్నాను.

మా ఆయన మద్దిలేటి పొద్దున మళ్ళీ సగం సంగటి వదిలేశాడు.

"ఏం మామా, ఒంట్లో బాగలేదా?" అన్నాను.

"కడుపు నిండిందిమ్మే. నువ్వు తిను."

నాలుగు ముద్దలకే నిండిందట. తెల్లారకముందే నిచ్చెనెక్కి పైకిపోయి, సోలార్ పలకల మీది దుమ్మంతా తుడిచి, ఎండ ముదిరేలోగా దిగివచ్చే మనిషి. ఒకప్పుడు నా పళ్ళెంలోది కూడా లాక్కుని తినేవాడు.

మధ్యాహ్నం వంటశాల నుంచి చీటీ వచ్చింది. ఆయనకు షుగర్ ఉంది. షుగర్ ఉన్నవాళ్ళందరికీ ఇక్కడ జబ్బకు బిళ్ళ అంటిస్తారు. వంటశాల త్రాసు మీద పళ్ళెం పెట్టగానే, అందులో తిండి ఎంతుందో దాన్నిబట్టి బిళ్ళ ఒంట్లోకి మందు వదులుతుంది. రక్తంలో షుగర్ ఎంతుందో కూడా అదే చూసి వంటశాలకు చెబుతుంది. చీటీలో ఒకే మాట ఉంది: పళ్ళెం లేకుండా షుగర్ పెరిగింది.

అంటే ఎక్కడో లెక్కకు రాని తిండి తింటున్నాడని. గవిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు ఆ మాటకు అర్థం.

కరువు ఏడాదిలో కొందరు గింజలు దాచుకుని తిన్నారు. కొందరు తిండి లేక పోయారు. కొట్టు చూసే దస్తగిరన్న ఇద్దరు బిడ్డలూ అప్పుడే పోయారు. అప్పటినుంచి ఈ కట్టడి. మూడు చీటీలు వస్తే పంచాయతీ. తప్పు రుజువైతే వంటశాల తలుపు మూసి, పై కొట్టాలకు పంపిస్తారు. రోజుకో ముంత గంజి తప్ప ఇంకేమీ పైకి పోదు. నేలమీద, ఆ రేకుల కింద, రోహిణి కార్తెలో మనిషి ఎట్లా బతుకుతాడో రాయనక్కర్లేదు. పోయినేడు గిడ్డయ్యను ఇట్లాగే మూడు చీటీలకు పంపారు. నిచ్చెన ఎక్కుతూ కూడా "నేను తిన్లేదు" అనే అన్నాడు. నేను నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు.

కృత్తిక కార్తె, ఆరో రోజు

పంఖాలు బాగానే తిరుగుతున్నాయి. నేను మా ఆయన మీద కన్నేసి ఉంచాను.

మధ్యాహ్నాలు ఇంట్లో ఉండటం లేదు. వచ్చేసరికి నోట్లో వాము నములుతూ ఉంటాడు. ఏ వాసన దాచడానికి? తేపులు వస్తున్నాయి, చెడిపోయిన గుడ్డు వాసన. మా వంటశాలలో గుడ్డు వండి ఎన్నాళ్ళయిందో. రాత్రి నా పక్కన పడుకోకుండా గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీస్తున్నాడు. అడిగితే "గుండెల్లో మంట" అంటాడు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. దొంగతిండి తినేవాడు లావెక్కాలి కదా. ఈయన నడుముకు పంచె నిలవడం లేదు. కాసేపు ఆలోచించాను. మనసు ఇంకోచోట పడినవాడు కూడా సన్నబడతాడని మా ముసలి జేజి అనేది. అది గుర్తొచ్చాక ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఈరోజు రెండో చీటీ వచ్చింది.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

పొద్దున వంటశాల నుంచి వచ్చి కూర్చున్నాడో లేదో చెమటలు. చేతులు వణికాయి. నేనెవరో తెలియనట్టు చూశాడు. షుగర్ పడిపోతే ఇట్లాగే ఉంటుందని నాకు తెలుసు. బెల్లంముక్క నోట్లో పెట్టాను. బెల్లం తింటే కాసేపట్లో తేరుకోవాలి. ఈయన తేరుకోలేదు. రెండో ముక్క పెట్టాను. అయినా అట్లాగే చాలాసేపు వణుకుతూ ఉన్నాడు.

తిండి తిన్న వెంటనే షుగర్ పడిపోవడమేమిటి? తినకుండా మధ్యాహ్నం పెరగడమేమిటి? ఇదంతా నా కళ్ళు కప్పడానికి ఆడే నాటకమని నాకు అనిపించింది. పొద్దున నా ముందు తిన్నట్టు చేసి, మధ్యాహ్నం ఇంకెక్కడో కూర్చుని తింటున్నాడు.

తేరుకుని బయటికి పోతుంటే వెనకాలే పోయాను. గాలి గొట్టాల పక్కన పాకుతూ పోయే దారులు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఆయన పోయిపోయి కింది అరలో, ఉరుకుందమ్మ పుట్టగొడుగులు పెంచే గదిలో దూరాడు. ఉరుకుందమ్మకు మొగుడు లేడు. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. పనిమంతురాలు. ఆమె గ్లాసులో ఏదో ఇచ్చింది, ఆయన తాగాడు. ఆమె వీపు మీద చెయ్యి వేసి రుద్దింది.

నా వీపు మీద నిప్పు పెట్టినట్టయింది. జాలీ సందులోంచి చూస్తూ అక్కడే ఉండిపోయాను. తర్వాత ఇద్దరూ ఎరువుగుంట వైపు పోయారు. ఆ వైపు నాకు కనపడలేదు.

కృత్తిక కార్తె, పన్నెండో రోజు

నిన్న వంటశాలలో అలసంద గుగ్గిళ్ళు పెట్టారు. ఏడాదికోసారి దొరికే భాగ్యం. ఈయన కూడా గుప్పెడు తిన్నాడు. ఈరోజు పొద్దున, సాయంత్రం అందరికీ గంజే.

సాయంత్రం మూడో పంఖా దగ్గరికి పోతే కాలువలో బూడిద కుప్ప కనిపించింది. కట్టెతో బూడిద పక్కకు తీశాను. వాంతి. ఎవరిదో తెలుసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. పక్కనే ఆయన తువ్వాలు తడిగా ఆరేసి ఉంది. వాంతిలో అలసందలు. నమిలినవి నమిలినట్టే, పొట్టు కూడా ఊడనివి.

ఈరోజు గవి మొత్తం గంజి తాగితే ఈయన కడుపులోకి అలసందలు ఎట్లా వచ్చాయి?

నేరుగా కింది అరకు పోయాను. ఉరుకుందమ్మ గడ్డికట్టలు తడుపుతోంది.

"అక్కా, మా ఆయనకు అలసందలు నువ్వే పెడతాండావా?"

ఆమె చెయ్యి ఆగింది. "ఏందే నువ్వు మాట్లాడేది?"

"చూసినాలే. గ్లాసుల్లో పోసిచ్చేది, వీపు రుద్దేది. అన్నీ చూసినా."

"వామునీళ్ళే అవి! కడుపుబ్బరమంటే ఇచ్చినా. నా దగ్గర అలసంద గింజ ఒక్కటన్నా ఉంటే వెతుక్కో పో."

నిజంగానే వెతికాను. సంచులు దులిపాను, కుండల్లో చెయ్యి పెట్టాను. ఏమీ దొరకలేదు. ఆమె గడప మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. నేను పోతుంటే అంది:

"అలసందలు నిన్న మనమందరమూ తిన్లేదా ఏమి?"

"నిన్న తిన్నవి ఈపొద్దుకు కడుపులో ఉంటాయా ఎక్కడన్నా?" అన్నాను.

"మరి వాంతి చేసుకునేకి ఇంత దూరం నా ఎరువుగుంట కాడికి ఎందుకొస్తాండాడో నీ మొగుణ్ణే అడుగు. నాతో ఒట్టు పెట్టించుకున్యాడు గానీ, లేకుంటే నేనే చెప్పుండేదాన్ని."

అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడని ముందే అనుకున్నాను కాబట్టి అడగలేదు.

రోహిణి కార్తె, మొదటి రోజు

మూడో చీటీ వచ్చింది. దస్తగిరన్న పంఖాల గదికి వచ్చాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెంచడు.

"సుంకులమ్మా, నీకేమన్నా తెలుసునా?"

నేను పంఖా చూస్తూ చెప్పాను. "యాడనో తింటాండాడన్నా. ఎక్కడ్నో నాకు తెల్దు. మొన్న కక్కిన దాంట్లో అలసందలు చూసినా."

 దస్తగిరన్న తల ఊపి వెళ్ళిపోయాడు.

పంచాయతీ సాయంత్రమే కూర్చుంది. కార్తెకోసారి మా గవికి వచ్చే డాక్టర్ నాజ్నీన్ ఎల్లుండి వస్తుంది. ఆరోజు మద్దిలేటిని వైద్యం గదిలో పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకుండా చూడాలి. తిండి లేనప్పుడు షుగర్ పెరగకపోతే, ఇన్నాళ్ళూ దొంగతిండి తిన్నట్టే లెక్క. పెరిగితే, లోపలికి ఎవరో తెచ్చి ఇచ్చినట్టు. ఎటు చూసినా పై కొట్టాలే. ఈ లెక్కలో తప్పుందని ఆ పూట ఎవరికీ తోచలేదు. నాకు కూడా.

"తలుపు కాడ కాపలా ఎవర్ని పెట్టమంటావు?" అని దస్తగిరన్న అడిగాడు.

"నా పెళ్ళాన్ని పెట్టండి" అన్నాడు మద్దిలేటి.

అందరూ నావైపు తిరిగారు. నా గుండె మెత్తబడుతుందని, రొట్టెముక్క ఏదైనా అందిస్తానని లెక్క వేసుకున్నాడనుకున్నాను. సరే, కూర్చుంటాను. రెప్ప కూడా వెయ్యను, చూద్దాం అనుకున్నాను.

రోహిణి కార్తె, మూడో రోజు

పంఖాలను పక్కగదివాళ్ళకు అప్పగించాను.

నిన్న సాయంత్రం దస్తగిరన్న ఎదుటే ఆయన జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర తిన్నాడు. వదిలెయ్యబోతే "అంతా తిను" అని దస్తగిరన్న నిలబడి తినిపించాడు. ఈరోజు పొద్దున గదిలోకి పంపేముందు బట్టలు దులిపాం. నోరు తెరిపించి చూశాం. గాలి గొట్టం జాలీ నా చేతులతో నేనే బిగించాను. తలుపు తెరిచి పెట్టి, గడపలో పీట వేసుకుని కూర్చున్నాను.

ఆయన ఊరికే ఉండలేదు. మాట్లాడుతూనే ఉన్నాడు. పలకల మీద పడే ఎర్రదుమ్ము గురించి, పైన ఒక్కటే మిగిలిన తుమ్మచెట్టు గురించి, మా పెళ్ళిలో నీళ్ళు చాలక వాళ్ళ చిన్నాయన పడిన తిప్పల గురించి. ఊఁ కొట్టాను, అంతే. నేను కాస్త తల వాల్చినా "ఏమ్మే, వింటాండావా?" అనేవాడు. నన్ను మాటల్లో పెట్టి ఏదో చేస్తాడని ఇంకా గట్టిగా చూశాను. నీళ్ళు మాత్రం నేనే ఇచ్చాను. ఇచ్చేముందు ప్రతిసారీ నేను తాగి చూశాను.

మధ్యాహ్నం దాటాక బిళ్ళ లెక్క చూపించే గోడమీది తెర మీద గీత లేచింది. షుగర్ పెరుగుతోంది. 

దస్తగిరన్న వచ్చి తెర చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "ఎవరు వచ్చినారు?"

"ఎవరూ రాలేదన్నా."

"గాలి గొట్టాలు నీ చేతిలోటివే కదమ్మా."

"ఔను. అందుకే నేనే బిగించినా. చూసుకో."

"పెళ్ళాం మాట పంచాయతీలో ఎట్ల నిలబడతాది?"

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళు మా ఆయన మీద దాచుకున్న కోపమంతా గొంతులోకి వచ్చింది.

"నీకు పితూరీ చెప్పింది నేను గాదా అన్నా? మొగున్ని పట్టిచ్చల్లనే ఈడ కూర్చున్యా. పొద్దున్నించి నీళ్ళు కూడా నేను తాగినాకే ఇచ్చినా. నాకంటే గట్టిగా కాపలా కాసే శత్రువు ఎవరన్నా ఉండారా ఆయనకు? నేను చెప్తాండా. ఈ మనిషి ఈపొద్దు ఏమీ తిన్లేదు. మీ బిళ్ళ తప్పు చెప్తాండాది, లేదంటే మనం తప్పు చదువుతాండాము."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ దాని అర్థం నాకే తెలియలేదు. మళ్ళీ పీట మీద కూర్చున్నాను. 

డాక్టర్ నాజ్నీన్ అప్పటిదాకా పక్కబల్ల మీద పిల్లల చెవులు చూస్తోంది. చిన్న వయసే. లేచి వచ్చింది.

"తిండి లేకపోయినా లివర్ షుగర్ వదులుతుంది, దస్తగిరి మామా. ఈ గీత ఒక్కటే చూసి మనిషిని దొంగ అనలేం. మీరు పెట్టిన పరీక్షే తప్పు." నావైపు తిరిగింది. "మీరు అలసందలన్నారట. ఏమిటది?"

చెప్పాను. వాంతి, పొట్టు ఊడని గింజలు, ఆరోజు గంజి, ముందురోజు గుగ్గిళ్ళు.

"ముందురోజువా? మధ్యలో ఇంకెక్కడా దొరికే వీల్లేదా?"

"ఉరుకుందమ్మ ఇల్లంతా వెతికినానమ్మా. యాడా లేవు."

ఆమె ఇంకేమీ అడగలేదు. మద్దిలేటిని పడుకోబెట్టి, కడుపు మీద జిగురు రాసి, స్కానింగ్ పెట్టింది. తెరమీద నాకు బూడిదరంగు మబ్బే కనిపించింది. ఆమె తెరమీద ఒకచోట వేలు పెట్టింది.

"కడుపు ఖాళీగా ఉండాలి. నిన్న సాయంత్రం తిన్నది ఇంకా ఇక్కడే ఉంది" అంది.

దస్తగిరన్న దగ్గరికి వచ్చి తెరవైపు వంగాడు. ఎంతసేపటికీ నడుము ఎత్తలేదు.

రోహిణి కార్తె, నాలుగో రోజు

డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. మరిచిపోకూడదు.

కడుపుకు ఒక నరం ఉంటుందట. తిండి పడగానే పిసికి మెత్తగా చేసి కిందికి తొయ్యమని చెప్పేది అదే. షుగర్ ఏళ్ళతరబడి అదుపు తప్పితే కాళ్ళు తిమ్మిరెక్కినట్టే ఆ నరమూ మొద్దుబారుతుంది. అప్పుడు తిండి పేగుల్లోకి దిగకుండా కడుపులోనే నిలవ ఉంటుంది. నాలుగు ముద్దలకే నిండినట్టు ఉంటుంది, తేపులు, మంట, వాంతులు. మనిషి సన్నబడిపోతాడు. 

"మరి షుగర్ అట్ల ఎగిరెగిరి పడేదెందుకమ్మా?"

"పళ్ళెం త్రాసు మీద పెట్టగానే బిళ్ళ మందు వదులుతుంది కదక్కా. ఆయన సగం వదిలేసినా దానికి తెలీదు. తిన్న సగం కూడా కడుపు దాటలేదు. మందు ముందు పోయింది, షుగర్ పడిపోయింది. తీరా తిండి నిదానంగా దిగేసరికి మందు అయిపోయింది, షుగర్ ఎక్కింది. అలా ఎక్కినప్పుడు కడుపు ఇంకా మందగిస్తుంది."

"బెల్లం పెట్టినా తేరుకోలేదు."

"అదీ కడుపులోనే ఆగింది. ఇకమీదట అలా అయితే సూది ఇవ్వాలి. ఎలా వెయ్యాలో నేర్పిస్తాను."

ఆరోజు నాటకం అనుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు చల్లబడుతోంది. ఆయన నా కళ్ళ ముందే పోయుండేవాడు.

"నయమవుతాదా?" అన్నాను.

"పూర్తిగా అవుతుందని చెప్పలేను. కానీ బతకొచ్చు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. మెత్తగా, జావలా. పొట్టు గింజలు, నూనె, పీచు కూరలు వద్దు. తిన్నాక పడుకోకుండా మెల్లగా నడవాలి. కడుపు కదలడానికి మాత్ర ఇస్తాను. బిళ్ళ మందు కూడా ఎంత తిన్నాడో చూశాక, ఆలస్యంగా వదిలేలా మారుస్తాను."

తర్వాత ఆమె దస్తగిరన్నతో మాట్లాడింది. బిళ్ళ మాట విని ఇంతవరకు పైకి పంపినవాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళెవరో చెప్పమంది.  దస్తగిరన్న తలపాగా బిగించుకుని, ఎండ దిగేదాకా కూడా ఆగకుండా తనే నిచ్చెన ఎక్కాడు.

గిడ్డయ్యను వీపుమీద వేసుకుని దించాడు. ఎముకల గూడు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ ఎవరినీ గుర్తు పట్టలేదు. స్కానింగ్ చేస్తే అతనిదీ అంతే. దస్తగిరన్న అతని మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. ఎవరు పిలిచినా లేవలేదు. పోయినేడు పంచాయతీలో నేను కూడా చెయ్యెత్తాను. పోయి దస్తగిరన్న పక్కనే నేలమీద కూర్చున్నాను.

మృగశిర కార్తె, రెండో రోజు

పంఖాలు అన్నీ బాగున్నాయి. పైన మబ్బు పట్టిందట. గిడ్డయ్య నిన్న నీళ్ళు అడిగి తాగాడు.

ఉరుకుందమ్మ దగ్గరికి పోయాను. "అక్కా, తప్పయింది" అన్నాను. ఆమె గడ్డి తడపడం ఆపలేదు. "నా కుండల్లో చెయ్యి పెట్టి కలబెట్టినావే. ఆ పొద్దు పుట్టగొడుగు విత్తనమంతా పాడైపోయింది" అంది. పాడైన కట్టలు మొయ్యడానికి వస్తానన్నాను. రమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. పోయి మోశాను.

మా ఆయనకు గిన్నెలో రాగిజావ పోసి ఇచ్చాను. చెంచాతో కొంచెం కొంచెం తాగుతున్నాడు. 

"మామా, కాపలాకు నన్నెందుకు పెట్టమన్యావు?" 

"ఇంకెవర్ని పెట్టినా ఏమారుతారు. నాకు సాయం చేసినారనో, కునికినారనో మాటొస్తాది. నువ్వు కునకవని తెలుసు. నన్ను పట్టియ్యల్లని పదైదు దినాలుగా చూస్తాండావు కదా." చెంచా గిన్నెలో పెట్టాడు. "అయినా మధ్యలో నీ కళ్ళు మూసుకుపోతాంటే భయమేసింది. అందుకే ఆపకుండా వాగినా. నువ్వు నిద్దరపోయింటే నాకింక సాక్షి ఎవరు?"

నాకు తల ఎత్తాలనిపించలేదు. ఆయన గోడవైపు తిరిగి చెప్పాడు.

"మా నాయన కడుపులో గడ్డతోనే పోయినాడు. నాకూ అదే వచ్చిందనుకున్యా. చెప్తే పై పని మాన్పిస్తారు, నువ్వు ఏడుస్తావు. అందుకే యాడన్నో పోయి కక్కొచ్చేవాణ్ణి."

"నేను ఒక్కసారన్నా అడిగింటే చెప్పేవాడివా?"

ఆయన చెంచాతో గిన్నెలో తిప్పాడు. జావ చల్లారిపోయింది.

"చెప్పేవాణ్ణి గాదేమోమ్మే."

ఎన్నో రోజుల తర్వాత ఆయన చెప్పిన మాటను అప్పటికప్పుడే నమ్మాను.